బ్రేకు లేని వైపు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఎవరం బల్ల మీద భోజనం చెయ్యలేదు. కంచాలు ఒళ్ళో పెట్టుకుని, గోడకి జారబడి తిన్నాం. బల్ల మీద గూడ్సు బండి ఉండేది. మా అత్తయ్య దాన్ని పెట్టె తర్వాత పెట్టెగా కడుతూ ఉండేది.

బొమ్మ అంటే మాత్రం ఊరుకునేది కాదు. "బొమ్మలు ఆడుకోడానికి. ఇది బండి. చిన్నది, అంతే," అనేది. అసలు బండిలో అడుగు ఉన్నచోట ఆవిడ బండిలో అరంగుళం. తలుపు గడియ దగ్గర్నుంచి చక్రం ఇరుసు దాకా అన్నీ ఆ లెక్కన కుదించాల్సిందే. సన్నటి చెక్క పలకలు ఒక్కొక్కటే కోసి, గరుకు కాగితంతో రుద్ది, పక్కపక్కన అతికించేది. బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి వెనక నుంచి మొద్దు సూదితో నొక్కితే, ముందు వైపు రివెట్టు తలలు వరసగా పొంగేవి. వరసలో ఒక్కటి పక్కకి జరిగినా ఆ రేకు చెత్తబుట్టలో పడేది.

"ఒక్క రివెట్టు ఎవరు చూడొచ్చారత్తయ్యా?" అన్నాను ఓసారి.

"నేను చూశాగా," అంది తల ఎత్తకుండా.

అత్తయ్య వ్యాగన్ల కార్ఖానాలో రంగుల షెడ్డులో పనిచేసి రిటైరయింది. బండి పక్కల మీద అక్షరాలు, నంబర్లు రాయడం ఆవిడ పని. బతుకంతా గూడ్సు పెట్టెల ముఖాలు చూసిన మనిషి. మా వరస ఇళ్ళలో అందరూ ఆవిణ్ణి చాటుగా గూడ్సమ్మ అనేవాళ్ళు. ఆవిడకి తెలుసు. "ప్యాసింజరమ్మ అనలేదు, నయం," అనేది. ప్యాసింజరు బండ్లంటే ఆవిడకి చిన్నచూపు. వాటికి సోకే గానీ బరువు మొయ్యడం చేతకాదట.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. ఆవిడ పని కోసం దళసరి అద్దాలతో ఒక జోడు తయారు చేసిచ్చాను. అవి పెట్టుకుంటే ఆవిడ కళ్ళు ముఖంలో సగం ఉండేవి. ఆ కళ్ళతో తలెత్తి చూసిందంటే, పోట్లాటకి వచ్చినవాడు కూడా వచ్చిన పని మర్చిపోయి కుశలమడిగి వెళ్ళిపోయేవాడు.

ఇదంతా ప్రదర్శన ఆఫీసరు రాకతో మొదలైంది. మా ఊళ్ళో రైలు కంపెనీ పట్టాలు వేసి నూరేళ్ళు నిండుతున్నాయి. పాత గూడ్సు షెడ్డుని బాగుచేసి ప్రదర్శనశాల చేస్తున్నారు. ఆ పని చూసే ఆఫీసరు, మెత్తటి మనిషి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అత్తయ్య అంతకుముందే కట్టి అలమరలో పెట్టిన నాలుగు పెట్టెల్నీ వంగి వంగి చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ముట్టుకుంటానేమోనని భయపడ్డట్టు.

"అమ్మా, పాతకాలం గూడ్సు బండి ఒకటి పూర్తిగా కట్టిపెట్టండి. ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా. హాలు మధ్యలో పెడతాం," అన్నాడు.

"ఏ కాలం నాటిది?"

"మీ ఇష్టం."

"నేను కొత్తగా పనిలో చేరినప్పటిది," అంది అత్తయ్య. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది. "అమ్మాయ్, బల్ల మీది సామానంతా తీసెయ్."

మా ఆయన కూడా సంతోషించాడు. ఆయన అదే కంపెనీలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసేవాడు. మితభాషి. డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పి, బల్ల పక్కన నిలబడి, "ఇవాళ ఎంత దూరం వచ్చింది మీ బండి?" అని అడిగేవాడు. "అత్తాకోడళ్ళు కలిసి నన్ను నేల మీద కూర్చోబెట్టారు," అని కంచం ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వులు ఎక్కువగానే వినిపించాయి.

పశువుల పెట్టె అయింది. నూనె ట్యాంకు అయింది. గార్డు పెట్టెకి కిటికీ అద్దాలు నేనే కోసిచ్చాను. వీధి చివరి ఇంట్లో ఉండే రిటైరైన షంటరు రోజూ ఏదో ఒక వేళ వచ్చి కూర్చునేవాడు. యార్డులో ఈ చివర ఈల వేస్తే ఆ చివర ఇంజను ఆగేదని ఆయనకి పేరు. ఇప్పుడు పళ్ళు లేవు, ఈల లేదు, పేరు మాత్రం మిగిలింది. అందరూ ఈల తాత అనేవాళ్ళు. "పెట్టెల మధ్య గొలుసు కొంచెం వదులుండాలి," "ఆ ట్యాంకు మూత ఎప్పుడూ వంకరగానే ఉండేది," అంటూ వంకలు పెట్టేవాడు. అత్తయ్య కసిరేది. మర్నాడు చూస్తే మూత వంకరగా ఉండేది.

ఇక బొగ్గు పెట్టె ఒక్కటే మిగిలింది.

యార్డు చివర, వాడకం మానేసిన లైను మీద, అలాంటి పాత పెట్టె ఒకటి తుప్పు పట్టి పడుంది. కొలతలు తీసుకోడానికి అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. మోకాలెత్తు గడ్డి. ఇనుము ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. నేను టేపు కొస పట్టుకుంటే, ఆవిడ కొలిచి, లెక్క తన మోచేతి మీద పెన్నుతో రాసుకుంటోంది.

పెట్టె పక్కన, రెండు చక్రాల మధ్య, పొడుగాటి ఇనప లివరు ఉంది. దాన్ని కిందికి నొక్కితే చక్రాలకి బ్రేకు పడుతుంది. ఇంజను తోసి వదిలేసిన పెట్టె పక్కన పరిగెత్తుతూ ఆ లివరు నొక్కడమే షంటరు పని. దాన్ని కొలిచాం. అవతలి వైపుకి వెళ్ళాం. అక్కడా అలాంటి లివరే ఉంది. నేను టేపు చాపాను.

"అది వద్దు," అంది.

"రెండు వైపులా ఉందిగా అత్తయ్యా?"

ఆవిడ జేబురుమాలుతో తుప్పు తుడిచింది. "ఇటు చూడు. ఇవి బోల్టులు. అటు వైపువి రివెట్లు. పెట్టెతో పుట్టింది అటు వైపు లివరే. ఇది తర్వాత తగిలించారు."

"ఎప్పుడు?"

"మీ మావయ్య పోయాక."

మావయ్య కూడా షంటరే. మా ఆయనకి నడక రాకముందే యార్డులో పోయాడు. ఆ సంగతి నాకు "ప్రమాదం" అనే ఒక్క మాటగా తెలుసు. ఎవర్ని అడిగినా ఆ మాట అని, వెంటనే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాళ్ళు. అత్తయ్య ఆ రోజు లేచిపోలేదు. ఎండలో అక్కడే నిలబడి, కొలతలు చెప్పిన గొంతుతోనే చెప్పింది.

"అప్పట్లో వీటికి ఒక్కవైపే బ్రేకు. ఏ వైపు తిరిగొస్తుందో వచ్చేదాకా తెలీదు. ఆ రోజు ఇంజను తోసి వదిలింది. మీ మావయ్య నిలబడ్డ వైపుకి బ్రేకు లేని బోడి వైపు వచ్చింది. పల్లంలో, లైను చివర, మనుషులు బస్తాలు దింపుతున్నారు. ఇతను అరుచుకుంటూ పరిగెత్తాడు. అటు వైపు లివరు అందుకుందామని బండి ముందు నుంచి దాటబోయాడు." జేబురుమాలుకి అంటిన తుప్పు దులిపింది. "ఆ అరుపు విని కింద ఉన్నవాళ్ళందరూ పక్కకి దూకారు. అందరూ బతికారు."

నేను టేపు చుట్టెయ్యబోయాను.

"బ్రేకు వెయ్యకపోవడం మనిషి నిర్లక్ష్యం అన్నారు. ఆ మాటకి నేను సరేనంటే, పిల్లాడు పెద్దయ్యాక ఉద్యోగం, అప్పటిదాకా నాకు పని, ఉండడానికి ఇల్లు అన్నారు. చంకలో బిడ్డ. తలూపాను. ఏడాది తిరక్కుండానే అన్ని పెట్టెలకీ రెండో లివరు తగిలించడం మొదలుపెట్టారు. రంగుకి మా షెడ్డుకే వచ్చేవి. చీకట్లో కూడా కనపడాలని లివరు కొసకి తెల్ల రంగు వెయ్యాలి. ఆ తెల్ల రంగు నేనే వేశాను, ఒక్కొక్కదానికీ."

జేబురుమాలు మడిచి లోపల పెట్టుకుంది.

"ఊఁ, టేపు పట్టుకో. ఇంకా పెట్టె చివర్ల బఫర్లున్నాయి."

బొగ్గు పెట్టె మిగతా అన్నిటికన్నా అందంగా వచ్చింది. అంచులు నిజంగా పారలు తగిలి చెక్కుకుపోయినట్టే ఉన్నాయి. లోపల నిజం బొగ్గునే నలగ్గొట్టి పోసింది. పక్కన తెల్ల రంగుతో నంబరు రాస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టింది. ఆ నంబరు ఏ పెట్టెదో నేను అడగలేదు. ఈల తాత వచ్చి చూశాడు. ఈ వైపు నుంచి చూసి, కుర్చీలోంచి లేచి ఆ వైపు నుంచి చూశాడు. ఆ రోజు ఏ వంకా పెట్టలేదు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

రెండు రోజులకి ఆఫీసరు వచ్చాడు. బండి మొత్తం చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. బొగ్గు పెట్టె దగ్గర మాత్రం ముఖం మారింది.

"అమ్మా, ఇటు వైపు లివరు అతికించడం మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదు."

"అన్ని పెట్టెలకీ రెండు వైపులా ఉంటుంది కదా?"

"ఇప్పుడుంటుంది. నేను అప్పటి బండి కట్టాను. ఏ కాలం నాటిదో ముందే చెప్పాను, మీ ఇష్టం అన్నారు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు తెలీక అడగలేదమ్మా. నాకు తెలుసు. యార్డులో పాతవాళ్ళందరికీ తెలుసు. పైనున్నవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. అందుకే చెబుతున్నాను. మొదటి రోజు నుంచీ భద్రతకే పెద్దపీట అని గోడ మీద రాయించారు. ప్రారంభానికి పెద్దలందరూ వస్తున్నారు. చిన్న లివరు ముక్క, పోయేదేముంది?"

"చిన్నదే. అడుగుకి అరంగుళం లెక్కన తగ్గించాను. నిజాన్ని కూడా అదే లెక్కన తగ్గించమంటే కుదరదు."

"పోనీ బొగ్గు పెట్టె ఒక్కటి ఇక్కడే ఉంచేద్దాం. మిగతా బండి పట్టుకెళ్తాను."

అత్తయ్య ఆ దళసరి అద్దాల్లోంచి ఆయన్ని చూసింది. "బండి మధ్యలో పెట్టె ఊడదీస్తే వెనక పెట్టెలు కదలవు బాబూ. రైలు కంపెనీలో ఉన్నారు, ఆమాత్రం తెలీదా?"

ఆయన టీ తాగి, కప్పు జాగ్రత్తగా కింద పెట్టి, ఖాళీ చేతులతో వెళ్ళాడు.

మర్నాడే యార్డు మాస్టరు మా ఆయన్ని పిలిపించాడు. ఇంటికొచ్చేసరికి ఆయన ముఖం నల్లబడి ఉంది. చొక్కా కూడా విప్పలేదు.

"అమ్మా, ఆ లివరు పెట్టెయ్యి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం? ఇల్లు వాళ్ళది. ఉద్యోగం వాళ్ళది. క్యాబిన్‌లో మనుషులు ఎక్కువైపోయారట, కొందర్ని లైను చివరి స్టేషనుకి పంపాలట. నా పేరు ఉందో లేదో ఇంకా తేల్చలేదట. ఆ మాట నవ్వుతూ చెప్పాడు."

"నవ్వుతూనే చెబుతారు," అంది అత్తయ్య. "నాకూ అలాగే చెప్పారు."

"నీకేం! నువ్వు ఇంట్లో కూర్చుని పంతాలు పడతావు. నేను ఆ యార్డులో రోజూ నడవాలి. చేరిన రోజు నుంచీ విన్నాను. బ్రేకు వెయ్యనోడి కొడుకు! నా ముఖం మీదే అన్నారు. ఏనాడైనా నీతో చెప్పానా? నోరు మూసుకుని పని చేసుకున్నాను. ఒక్క పొరపాటు లేకుండా చేసుకున్నాను. అందరూ మర్చిపోయారు అనుకుంటున్న సమయానికి నువ్వు తీసుకెళ్ళి హాలు మధ్యలో పెడతానంటావు!"

ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. అత్తయ్య చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది.

"అలా అనేవాళ్ళా?" అంది కుంచె బల్ల మీద పెట్టి. "నాకు చెప్పలేదేం నాన్నా?"

"చెప్పి ఏం చెయ్యను?"

"ఇదిగో, ఇది చేసేదాన్ని," అంది బండి వైపు చూపిస్తూ. "ఇంకా ముందే చేసేదాన్ని."

ఆయన విసురుగా పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ నా ద్వారా మాట్లాడుకున్నారు. "టీ తాగుతాడేమో అడుగు." "తాగనని చెప్పు." వేరు వేరు ఇళ్ళల్లో ఉన్నట్టు ఇద్దరికీ నేను కబుర్లు మోశాను. యార్డు మాస్టరు రెండోసారి పిలిపించాడు. ఈసారి నవ్వలేదట.

ఒక మధ్యాహ్నం నేను దుకాణం నుంచి కాస్త ముందుగా వచ్చాను. అత్తయ్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మా ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆకురాయి, పట్టకారు, టంకం కడ్డీ ముందు పెట్టుకున్నాడు. రేకు ముక్కతో లివరు తయారుచేశాడు. చేతి పని వాళ్ళమ్మ దగ్గర్నుంచే వచ్చింది, వంపు సరిగ్గా కుదిరింది. కొసకి తెల్ల రంగు కూడా వేసి ఆరబెట్టాడు. నన్ను చూసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. నేను సంచి గోడకి తగిలించాను. ఆ ఉద్యోగం మీద, ఆ ఇంటి మీద నా బతుకు కూడా ఉంది కదా, ఏమని అడ్డుపడను?

లివరుని పట్టకారుతో పట్టుకుని, సరైన చోటు కోసం బల్ల అంచు మీదికి వంగాడు. అందలేదు. కుర్చీ పక్కకి నెట్టి నేల మీద మోకాళ్ళు వేశాడు. ఇప్పుడు ఆయన కళ్ళు పట్టాలకి సమానంగా ఉన్నాయి. బొగ్గు పెట్టె బోడి వైపు ఎదురుగా ఉంది.

అలాగే ఉండిపోయాడు. టంకం కడ్డీ పొగలు కక్కుతోంది. నేను వెళ్ళి దాన్ని ఆపేశాను.

అత్తయ్య ఖాళీ బకెట్టుతో లోపలికొచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"ఇటు వైపేనా?" అన్నాడు ఆయన, తల తిప్పకుండా.

"ఇటు వైపే."

"ఇటు నుంచి పట్టుకోడానికి ఏముంది?"

"ఏమీ లేదు."

ఆయన ఇంకొంచెం సేపు చూశాడు. తర్వాత లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఆ లివరు ముక్కని చెత్తబుట్టలో వేశాడు, వరస తప్పిన రివెట్ల రేకుల మీద. ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"దారిలో ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెబుతాను. వస్తే బండి మొత్తం వస్తుంది, లేకపోతే ఏదీ రాదు అని."

అత్తయ్య బకెట్టు కింద పెట్టింది. "భోంచేసి వెళ్ళరా," అంది. నా ద్వారా కాకుండా నేరుగా ఆయనతోనే.

మేము అనుకోలేదు గానీ, ఆఫీసరు ఒప్పుకున్నాడు. ఏమీ మార్చక్కర్లేదు, మొత్తం తీసుకుంటాం అని కబురు చేశాడు. మనుషులు వచ్చి బండిని పెట్టె పెట్టెకీ దూది చుట్టి పట్టుకెళ్ళారు. ఆ వారమంతా అత్తయ్య ఇంట్లో పాట పాడుతూ తిరిగింది. గొంతు బాగుండదు. అయినా ఎవరం ఆపలేదు.

ప్రారంభం రోజున మేం ముగ్గురం వెళ్ళాం. మా ఆయన యూనిఫాం వేసుకున్నాడు. బొత్తాములు మెరిసేలా రుద్దాడు. పాత షెడ్డు నిండా జనం. డ్రైవర్లు, గ్యాంగు మనుషులు, రంగుల షెడ్డులో అత్తయ్యతో పనిచేసిన ఆడవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. ముందు వరసలో కంపెనీ పెద్దలు. ఒక పెద్దాయన మైకు ముందు నిలబడి భద్రత గురించి మాట్లాడుతున్నాడు.

బండి హాలు మధ్యలో లేదు. ఓ పక్కన, గోడకి ఆనించిన బల్ల మీద ఉంది. దీపాలు బాగా పెట్టారు. బొగ్గు పెట్టె లివరు తెల్ల కొస మెరుస్తూ ఇటు వైపు కనిపిస్తోంది. బోడి వైపు గోడ కేసి ఉంది. మధ్యలో వేలు కూడా దూరదు. ఆఫీసరు అక్కడే నిలబడి ఉన్నాడు, మా కళ్ళలోకి చూడలేదు.

అత్తయ్య ముఖంలో రంగు పోయింది. ఏమీ మార్చలేదు, నిజమే. మార్చకుండానే మూసేశారు. మైకులో మాటలు సాగుతున్నాయి. ఆవిడ అడుగు ముందుకి వేసేలోపు మా ఆయన బల్ల ముందు కట్టిన తాడు దాటి లోపలికి వెళ్ళాడు. బల్ల ఒక చివర రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి నా కోసం చూశాడు.

"అటు చివర పట్టుకో," అన్నాడు.

నేను పట్టుకున్నాను. అత్తయ్య పరుగున వచ్చి ఇంజను మీద ఒక చెయ్యి, చివర పెట్టె మీద ఒక చెయ్యి వేసింది. "మెల్లిగా! గార్డు పెట్టె జాగ్రత్త! మీ ఇద్దరికీ మంచం జరపడం కూడా సరిగ్గా రాదు," అంది.

బల్ల కోళ్ళు రాతి నేల మీద కీచుమన్నాయి. ఆ చప్పుడు షెడ్డు రేకులకి తగిలి ఇంకా పెద్దదైంది. పెద్దాయన ఉపన్యాసం ఆపేశాడు. అందరి తలలూ ఇటు తిరిగాయి. బల్ల హాలు మధ్యకి వచ్చేదాకా మేం ఆగలేదు.

యార్డు మాస్టరు గబగబా వచ్చాడు. "ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నాడు పళ్ళ బిగువున.

"అటు వైపు కూడా చూడాలి కదా సార్," అన్నాడు మా ఆయన.

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు.

జనంలోంచి ఈల తాత వచ్చాడు. కర్ర ఆనించుకుంటూ బల్ల చుట్టూ తిరిగి బోడి వైపుకి వెళ్ళాడు. కర్ర నాకిచ్చి, బల్ల అంచు పట్టుకుని, అతి కష్టం మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూశాడు. లేవడానికి మా ఆయన చెయ్యి అందిస్తే, ఆ చెయ్యి వదల్లేదు.

"కింద బస్తాలు దింపుతున్నవాళ్ళలో నేనున్నాను," అన్నాడు మా ఆయనతోనే, కానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. "షంటరు పని నాకు ఆ తర్వాతే ఇచ్చారు. మీ నాన్న చోట్లో. ఆయన అరుపు విని దూకాను. ఇటు వైపు బ్రేకు లేదు. ఉంటే వేసేవాడు. ఆ రోజు కంపెనీవాళ్ళు నన్ను అడిగినప్పుడు నాకేం తెలీదన్నాను. ఇవాళ ఎవరూ అడక్కుండానే చెబుతున్నాను."

రంగుల షెడ్డు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. తర్వాత డ్రైవర్లు. ఒకరి వెనక ఒకరు బల్లకి అటు వైపు వెళ్ళి వంగి చూశారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, నినాదాలు లేవు. పెద్దాయన మైకు దగ్గర కాయితాలు సర్దుకుంటూ నిలబడ్డాడు. వినేవాళ్ళ ముఖాలు ఆయన వైపు లేవు.

అత్తయ్య మాత్రం ఒక కూలీతో తగాదా పెట్టుకుంది. పెట్టె మీద ఊపిరి వదులుతున్నాడని.

దాని ఫలితం రావలసినట్టే వచ్చింది. మా ఆయన్ని లైను చివరి స్టేషనుకి బదిలీ చేశారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. యార్డు మాస్టరు చివరిసారి పిలిచి, "తొందరపడ్డావు. పెద్దాయన ముందు తప్పయిందని తలూపు చాలు, నేను ఆపిస్తాను," అన్నాడట. నిజానికి ఆయనా చెడ్డవాడు కాదు. మా ఆయన్ని ఉద్యోగంలో చేర్చుకున్న రోజు పని నేర్పింది ఆయనే.

"మా ఇంట్లో ఒకసారి ఊపాం సార్. అది చాలు," అన్నాడట మా ఆయన.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పినప్పుడు అత్తయ్య మూట కడుతోంది. ముడి గట్టిగా బిగించి, ముఖం అటు తిప్పుకుని, "తాడు సరిపోలేదు, ఇంకోటి తెండి," అంది. తాడు సరిపోయింది. ఆవిడ చేతుల్లో ఇంకా మిగిలింది కూడా.

నాకు ఊరు వదలడం కష్టంగానే అనిపించింది. దుకాణం, తెలిసిన ముఖాలు, నీళ్ళు సరిగ్గా వచ్చే కుళాయి. కానీ ఆ రోజుల్లో మా ఆయన నడక చూశాను. వీధిలో ఎప్పుడూ గోడ వారగా నడిచే మనిషి, రోడ్డు మధ్యలో నడుస్తున్నాడు. సైకిళ్ళవాళ్ళు గంట కొడుతున్నా జరగడం లేదు. అది చూశాక ఏ కుళాయి లేకపోయినా ఫరవాలేదనిపించింది.

వెళ్ళే రోజు ఉదయం సామాను బండి ఎక్కించి, స్టేషనుకి వెళ్తూ షెడ్డు దగ్గర ఆగాం. అప్పుడే తలుపులు తీశారు. ఊడ్చే ఆమె తప్ప ఎవరూ లేరు. బల్ల మళ్ళీ గోడకి ఆని ఉంది.

అత్తయ్య నడుం మీద చెయ్యి వేసుకుని దాన్నే చూస్తూ నిలబడింది.

"మీరేనా బండి కట్టినావిడ?" అంది ఊడ్చే ఆమె చీపురు ఆపి. "నా పని రెండింతలు చేశారమ్మా. రోజూ సాయంత్రం బల్ల గోడకి నెట్టమని నాకు ఆర్డరు. నెడతాను. పొద్దున్న తలుపు తియ్యడమే ఆలస్యం, ఎవరో ఒకరు వచ్చి లాగేస్తారు. నిన్న గ్యాంగు మనుషులు. మొన్న ఎవరో ముసలావిడ, మనవరాలితో. డ్యూటీకి వెళ్తూ వస్తారు, లాగుతారు, చూస్తారు, పోతారు."

మా ఆయన నా వైపు చూశాడు. ఇద్దరం చెరో చివరా పట్టుకున్నాం. ఈసారి కీచుమంటుందని నేను పళ్ళు బిగించాను. చప్పుడే కాలేదు. బల్ల నూనె రాసినట్టు జారి మధ్యకి వచ్చింది. వంగి చూస్తే నాలుగు కోళ్ళకీ అడుగున రబ్బరు ముక్కలు తొడిగి ఉన్నాయి, శుభ్రంగా, సమానంగా కోసినవి.

"ఇవి ఎవరు తొడిగారు?" అన్నాను.

"ఆఫీసరు గారే. మొన్న ఆయనే నేల మీద కూర్చుని తొడిగారు. నేల పాడవుతుందట," అంది ఊడ్చే ఆమె, నవ్వు దాచుకోకుండా.

అత్తయ్య బోడి వైపుకి వెళ్ళింది. బొగ్గు పెట్టె మీద దుమ్ము వేలితో తుడిచింది. గొలుసు కొంచెం బిగిసినట్టుంటే వదులు చేసింది. మా ఆయన వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ అలా నిలబడి ఉండగా బయట మా రైలు కూత వినిపించింది.

"సాయంత్రం నెట్టేటప్పుడు గార్డు పెట్టె జాగ్రత్తమ్మా, అది తేలిక, పడిపోతుంది," అంది అత్తయ్య వస్తూ వస్తూ.

"ఇంక నెట్టను లెండి," అంది ఆమె, మళ్ళీ ఊడ్చడం మొదలుపెడుతూ. "అడిగితే నా నడుం సంగతి చెబుతాను."